గుండెకే చేరే మందు

నర్సింహ ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చీలి, కారిన నెత్తురు గడ్డం మీద నల్లగా ఎండిపోయింది. లాకప్ గోడకు ఆనుకుని ఉన్నాడు గానీ కూర్చున్నట్టు లేదు, ఎవరో తెచ్చి అక్కడ పడేసినట్టుంది.

సమత ఊచలకు ఇవతల నేల మీద గొంతుక్కూర్చుంది. వకీలు తెచ్చిచ్చిన అనుమతి కాగితం ఆమె చేతిలోనే ఉంది.

"నర్సింహా, నా పేరు సమత. డిటెక్టివ్‌ను. నన్ను అరుణమ్మ పంపింది."

ఆ పేరు వినగానే అతని ఒంటికన్ను తడిసింది. "అవ్వ నన్ను నమ్ముతున్నదా?"

"నమ్మకుంటే పెనిమిటిని చంపినోడిని విడిపియ్యమని నా దగ్గరికి ఎందుకొస్తది? జల్ది చెప్పు. సీఐ వచ్చేలోపల."

విషయం చూడ్డానికి చాలా సూటిగా ఉంది. చిన్న మంగళారం మాజీ సర్పంచ్ శంకరయ్య మొన్న సాయంత్రం తన పొలంలోని పశువుల కొట్టంలో, నులక మంచం మీద తల పగిలి కనబడ్డాడు. మంచం పక్కన గడ్డపార. ఆ గడ్డపార నర్సింహది. చిన్నప్పటి నుంచి శంకరయ్య ఇంట్లో పెరిగి, ఇప్పుడు పొలం పక్కనే వెలిసిన డాక్టర్ రత్నాకర్ ల్యాబ్‌లో ఎలుకలకు, కుందేళ్లకు మేత వేసే పనిలో ఉన్నాడు. చావుకు ముందు రోజు ఇద్దరూ ఊరంతా చూస్తుండగా కలబడ్డారు. సీఐ భూపాల్‌కు అంతకు మించి ఏదీ అక్కర్లేకపోయింది.

"శంకరయ్య బాపు నిన్నెందుకు కొట్టిండు?"

నర్సింహ ఊపిరి పీల్చుకుంటే పక్కటెముక దగ్గర నొప్పి పొడిచినట్టుంది. చెయ్యి అక్కడ పెట్టుకున్నాడు. "రత్నాకర్ సారు ల్యాబ్‌ల ఉచిత క్యాంపు పెట్టిండు అక్కా. బలం సెలైన్ ఎక్కిస్తమన్నడు. పక్కూరు హిమాయత్‌నగర్ కూలోళ్లను షేర్ ఆటోల ఎక్కిచ్చుకొచ్చింది నేనే. పొద్దున ఎక్కిచ్చుకుండ్రు, మంచిగనే ఇండ్లకు పోయిండ్రు. మాపటికి ఇద్దరు సచ్చిపోయిండ్రు. గుండెపోటు అన్నరు. బాపుకు ఎట్లనో తెలిసింది. నడి బజార్ల చెంప మీద కొట్టిండు. నేను గూడ తోసిన. ఆ మాపటికే పోయి కాళ్లు పట్టుకున్న. 'రేపు పొయ్యి ఆ సారును అడుగుత, నువ్వు పోలీసులకు నిజం చెప్పు' అన్నడు."

"అడిగిండా?"

"పొద్దున ల్యాబ్‌కు వచ్చిండు. లోపలికి పోవుడు చూసిన. అటెనుక బాపును చూడనే లేదు."

బూట్ల చప్పుడు. భూపాల్ వచ్చి ఊచల మీద లాఠీతో ఒక్కటి వాయించాడు. బలిష్ఠమైన మనిషి, నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అయిందా మేడమ్ ముచ్చట?"

"ఈ మొహం ఎట్లయింది సీఐ సార్?"

"బాత్రూంల జారి పడ్డడు."

"ముందుకు ఒకసారి, ఎనుకకు ఒకసారి జారిండా?" సమత లేచి నిలబడింది. "పక్కటెముక విరిగి ఉంటది. మెల్లగ మాట్లాడుతున్నడు చూడుండ్రి. ఇప్పుడే డాక్టర్‌ను పిలిపియ్యకుంటే మా వకీలు కోర్టులకు పోతడు."

భూపాల్ ఆమె మొహంలోకి మొహం పెట్టాడు. "నీ అసుంటి ప్రైవేటోళ్లను నేను చాన మందిని చూసిన. పిలిపిస్త డాక్టర్‌ను. నువ్వు నడువు ఇంగ."

ఆమె నడిచింది. ఆ పంతం నెగ్గినందుకు లోలోపల కాస్త సంబరపడింది కూడా.

*

శంకరయ్య కొట్టం గోడలకు సున్నం వేసి ఎన్నో రోజులు కాలేదు. ఎద్దులను పక్క పొలంలోకి మార్చారు. పోలీసులు మంచాన్ని అక్కడే వదిలేశారు. గోడకు జానెడు దూరంలో ఉంది అది. తల వైపు నులక అంతా గట్టిగా, నల్లగా పెచ్చు కట్టింది. ఈగలు ముసురుతున్నాయి.

సమత దగ్గర శవం ఫోటో ఉంది. ఇష్టం లేకపోయినా మళ్లీ తీసి చూసింది. మూడు దెబ్బలు. నుదురు లోపలికి కూరుకుపోయింది. ఒక కన్ను ఉండాల్సిన చోట లేదు. కొట్టినవాడు కోపంతో కొట్టాడనుకోవాలి, లేదా ఎంత కోపంగా కొట్టినట్టు కనబడాలో తెలిసి కొట్టాడనుకోవాలి.

ఫోటో పక్కన పెట్టి గోడను చూసింది. మంచం తల దగ్గర నుంచి పైకి, పక్కలకు, కప్పు దాకా. మోకాళ్ల మీద వంగి నేలకు చెంప ఆనించి కింది నుంచి చూసింది.

తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

అరుణమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రాలేకపోయింది. అరవై దాటిన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది గానీ ఏడవడం లేదు. మూడు రోజుల్లో ఏడుపు అయిపోయింది.

"అవ్వా, ఆ రోజు బాపు ల్యాబ్ నుంచి వచ్చినంక ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు బిడ్డా. నవ్వుకుంటనే వచ్చిండు." ఆమె కొంగు నోటి మీంచి తీసింది. "కొట్లాడుదమని పోయిండాయె. 'నీ మందుతోనే మా మనుషులు సచ్చిండ్రు' అన్నడంట. ఆ సారు ఏమన్నడో ఎరుకేనా? 'నా మందు మంచిది పెద్దమనిషీ, చూడు, నీ ముందట నేనే ఎక్కిచ్చుకుంట' అన్నడంట. ఇగ నా మొగడు ఊకుంటడా? 'నీకు ఎక్కిచ్చుడెందుకు, నాకు గూడ ఎక్కియ్యి' అని పంతం పట్టిండు. ఇద్దరు పక్కపక్క కుర్చీలల్ల కూసోని సెలైన్ ఎక్కిచ్చుకున్నరంట. ఇంటికొచ్చి జొన్నరొట్టె తిన్నడు. 'మనోళ్లు ఉత్తగ భయపడ్డరే' అన్నడు. ఎండ మీదికొచ్చినంక జర ఒరుగుతనని కొట్టంకు వచ్చిండు."

"ఇద్దరికి ఒకటే సీసానా, వేరే వేరేనా?"

అరుణమ్మ బిత్తరపోయి చూసింది. "అది నేను అడగలే బిడ్డా."

జీపు వచ్చి ఆగింది. భూపాల్ దిగాడు. లాకప్ దగ్గర కంటే చురుగ్గా ఉన్నాడు, మొహం కడుక్కుని వచ్చినట్టు.

"నీ ముద్దాయికి డాక్టర్ వచ్చి చూసిపోయిండు, ఇగ చాలునా? ఇదేంది, సీల్ చేసిన జాగల దొర్లుతున్నవ్?"

"సీల్ ఎక్కడున్నది సార్? కుక్కలు గూడ తిరుగుతున్నయ్." సమత మోచేతుల మట్టి దులుపుకుంది. "గోడ చూడుండ్రి. మూడు దెబ్బలకు పుర్రె పగిలింది. బతికున్న మనిషికి అట్ల తగిలితే, గుండె కొట్టుకుంటున్నన్ని సేపు నెత్తురు చిమ్ముతది. గడ్డపార ఎత్తినప్పుడల్ల కప్పు దాక పడతది. ఇక్కడ కింద నులకలకు ఇంకింది, అంతే. కొట్టేటప్పటికే శంకరయ్య సచ్చిపోయి ఉన్నడు."

"సచ్చినోడిని ఎవడన్న మళ్ల చంపుతడా?"

"తల పగిలి ఉంటే గుండె దిక్కు ఎవడూ చూడడని తెలిసినోడు చంపుతడు."

భూపాల్ నవ్వాడు. "నెత్తురు పరీక్షకు పంపినం. విషం లేదు, మందు లేదు, సాఫ్."

"నెత్తుర్ల చూసిండ్రు. గుండెల చూసిండ్రా?"

అతని ఓపిక అక్కడితో అయిపోయింది. ఆమె భుజం పట్టుకుని గోడకేసి కొట్టాడు. సమత తల వెనక్కి తగిలి కళ్ల ముందు మెరుపులు మెరిశాయి. అరుణమ్మ కేక వేసింది. సమత అతని చేతిని విదిలించుకోలేదు. ఆ చేతినే చూస్తూ నెమ్మదిగా అంది:

"నర్సింహను గూడ గిట్లనే జారిపడేట్టు చేసిండ్రా? నేను ల్యాబ్‌కు పోతున్న. దమ్ముంటే మీరు గూడ రాండ్రి. నేను తప్పయితే నన్నే లోపలెయ్యుండ్రి."

భూపాల్ చెయ్యి తీశాడు. అరుణమ్మ వైపు చూడలేక జీపు వైపు నడిచాడు.

*

ల్యాబ్ అంటే పెద్ద ఫామ్‌హౌస్. లోపల ఏసీ చల్లదనం, స్పిరిట్ వాసన. రత్నాకర్ పై అంతస్తులో ఫోన్‌లో ఉన్నాడని చెప్పారు. సమతకు కావాల్సింది అతను కాదు. పరీక్షల గదిలో మిషన్ల మధ్య కూర్చున్న దీక్షిత అనే అమ్మాయి. మొయినాబాద్ పిల్లే, ఎంఫార్మసీ చదివింది. తెల్ల కోటు, చేతులకు నీలం గ్లౌజులు. సమత శంకరయ్య పేరు ఎత్తగానే చేస్తున్న పని ఆపేసింది.

"మీరు ఇక్కడ చేసే మందు సంగతి నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు."

"మామూలు మందు ఒళ్లంతా తిరుగుతది మేడమ్. కాలేయంల రోగముంటే కాలేయానికే పోవాలె గదా, అన్నిటికీ పోయి అన్నిటినీ పాడు చేస్తది. మేము మందును సన్నటి కొవ్వు బుడగలల్ల పెడతం. కంటికి కనబడవు. బుడగ పైన ఒక కొక్కెం అసుంటిది కడతం. అది కాలేయానికే తగులుకుంటది." ఆమె ఒక తెర చూపించింది. నల్లటి తెర మీద ఎలుకల బొమ్మలు, వాటి పొట్టలో పచ్చగా వెలుగుతున్న మచ్చలు. "బుడగలకు రంగు కలుపుతం. ఈ కెమెరాకు అది కనబడతది. మందు ఎక్కడికి చేరిందో చూసుడు, ఎంత సేపటికి బుడగ పగులుతదో చూసుడు, అదే నా పని."

"గుండెకు పోయేది చేసిండ్రా ఎప్పుడన్న?"

దీక్షిత తలుపు వైపు చూసింది. తర్వాత ఇంకో బొమ్మ తీసింది. ఈ ఎలుకల్లో పొట్ట చీకటిగా ఉంది. రొమ్ము మధ్యలో మాత్రం శెనగ గింజంత మచ్చ మండుతోంది.

"గుండెపోటు వచ్చినోళ్ల కోసమని చేసినం. గుండె దడ తగ్గించే మందు పెట్టినం. ఎక్కించినంక ఎలుకలు మంచిగ తిరుగుతయ్, తింటయ్. గంటలకు గంటలు ఏం కాదు. నెత్తుర్ల చూస్తే మందే కనబడదు, అంతా గుండెకు చేరి కూర్చుంటది. ఆ తర్వాత అన్ని బుడగలూ ఒక్కసారే పగులుతయ్." ఆమె తెర ఆపేసింది. "గుండె మెల్లగయి ఆగిపోతది. ఒక్కటి గూడ బతకలే. ఆపేద్దమన్న. సారు ఆపినం అన్నడు. కానీ ఫ్రిజ్‌ల ఆ సీసాలు లేవు మేడమ్. క్యాంపు నాటి నుంచి లేవు."

సమత ఫోన్ మోగింది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ కృప. తల పగిలిన శవానికి గుండె ముక్క ఎందుకని అందరూ అన్నా, పద్ధతి ప్రకారం దాచి ఉంచింది ఆవిడే. క్యాంపులో ఇద్దరు గుండెపోటుతో పోయారని అరుణమ్మ చెప్పాక, నిన్న సమత బతిమాలితే తనకు తెలిసిన పరిశోధనా సంస్థకు పంపింది. సమత స్పీకర్ నొక్కింది.

"సమతా, రక్తంలో జాడ లేదు. కాలేయంలో లేదు. గుండె ముక్కలో మాత్రం మందు ఉంది, మనిషిని చంపేంత. దాంతో పాటు ఏదో కొవ్వు పదార్థం కూడా కనిపించింది. అణువుల బరువు తూచే మిషన్‌లో పెట్టారు. వాళ్ల దగ్గర నమోదైన వేటితోనూ కలవడం లేదంట."

"బరువు ఎంత వచ్చింది మేడమ్?" దీక్షిత ముందుకు వంగి అడిగింది.

కృప అంకె చెప్పింది. దీక్షిత కుర్చీలో కూలబడింది.

"అది మాదే. బజార్ల దొరకదు. నా చేతులతోనే చేసిన."

అప్పుడు వెనక గడియ పడింది.

రత్నాకర్ ఎంతసేపటి నుంచి తలుపు దగ్గర ఉన్నాడో తెలియదు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడి మొహం. చేతిలో గ్యాస్ సిలిండర్ బిగించే పొడుగాటి స్పానర్. నేరుగా వచ్చి దీక్షిత తల మీద కొట్టాడు. ఆమె పక్కకు తిరగడంతో దెబ్బ చెవి మీద జారి మెడకు తగిలింది. చెవి తెగి వేలాడింది. ఆమె కేక సగంలోనే ఆగి, బల్ల మీది గాజు గొట్టాలతో పాటు కింద పడింది.

సమత స్టూలు ఎత్తి అడ్డం పెట్టింది. స్పానర్ దెబ్బకు స్టూలు కాలు విరిగి ఆమె మోచేయి తిమ్మిరెక్కింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఎముక కదిలిన చప్పుడు ఆమెకే వినబడింది. మోకాళ్ల మీద పడిపోయింది. రత్నాకర్ స్పానర్ పారేసి రెండు చేతులతో ఆమె గొంతు పట్టుకున్నాడు. అంత సన్నటి చేతుల్లో అంత బలం ఎక్కడిదో. బొటనవేళ్లు లోపలికి దిగుతున్నాయి. తెర మీది ఎలుకల వెలుగు ఒక్కటే కనబడుతోంది ఆమెకు, అది కూడా మసకబారుతోంది.

"ఆ కూలోళ్లు..." అంది, గొంతు రాలేదు.

"వెయ్యి మందిని బతికించే మందు అది," రత్నాకర్ ఆయాసంతో అన్నాడు. "మనుషుల మీద చూడకుంటే ఎట్ల తెలుస్తది? ఎట్లాగూ చచ్చే కూలోళ్లు!"

నేల మీద తడుముతున్న సమత చేతికి పగిలిన గాజు గొట్టం తగిలింది. దాన్ని అతని తొడలో దింపింది. అతను అరిచాడు గానీ పట్టు వదల్లేదు. బయటికి లాగి, మళ్లీ దింపి, మెలితిప్పింది. గాజు లోపలే విరిగింది. ఈసారి వేళ్లు వదులయ్యాయి. ఆమె తలతో అతని ముక్కు మీద గుద్దింది. వెనక్కి పడ్డవాడి కుడి చెయ్యి నేల మీద చాపుకుని ఉంది. విరిగిన స్టూలు దానిపై పడేసి, మీద కూర్చుంది. వేళ్లు విరిగిన చప్పుడుకు ఆమెకు జాలి కలగలేదు.

తలుపు బద్దలైంది. భూపాల్ రివాల్వర్ పట్టుకుని లోపలికి వచ్చి, నెత్తురు మడుగులో ఉన్న ముగ్గురినీ చూసి నిలబడిపోయాడు.

"వీడు ఎక్కిచ్చుకున్నది ఉత్త సెలైన్, శంకరయ్యకు ఎక్కిచ్చింది ఆ మందు. మాపటికి కొట్టంల శంకరయ్య సచ్చి ఉంటడని వీనికి తెలుసు," సమత దగ్గుతూ చెప్పింది. "వీడే పొయ్యి, నర్సింహ గడ్డపార తీసి శవాన్ని కొట్టిండు. ఉత్త గుండెపోటు అయితే క్యాంపుల సచ్చినోళ్లతో కలిపి చూస్తరని భయం. హత్య, ముద్దాయి రెండూ మీకు ఒక్కసారే దొరికినయ్ సార్."

భూపాల్ రివాల్వర్ దించాడు. ఫోన్ మోగింది. విన్నాడు. మొహంలో రంగు మారింది.

"నర్సింహ పడిపోయిండంట. రొమ్ముల బరువంటున్నడంట. చేవెళ్ల దవాఖానకు తీస్కపోతున్నరు. పొద్దున డాక్టర్ మంచిగనే చూసిండు గదా!"

"ఏ డాక్టర్?"

భూపాల్ చూపు నేల మీద ముక్కు పగిలి పడి ఉన్న మనిషి మీదికి పోయింది. రత్నాకర్ ఎర్రటి పళ్లతో నవ్వాడు. "సీఐ గారు పిలిస్తే రాకుండ ఎట్లుంట?"

డాక్టర్‌ను పిలిపించమని పట్టుబట్టింది సమతే. కానీ ఇప్పుడు దాన్ని తలుచుకునే వ్యవధి లేదు. దీక్షిత చెవికి గుడ్డ అదిమిపెట్టి లేపింది. "ఆపేది ఏమన్న ఉన్నదా? చెప్పు!"

"మందును ఆపలేం," దీక్షిత పళ్లు బిగించి అంది. "గుండె ఆగిపోకుండ కరెంటుతో కొట్టించే మిషన్ పెడితే, మందు దిగిపోయేదాక మనిషిని నిలబెట్టొచ్చు. ముందుగాల పెట్టాలె. ఆగినంక కాదు."

సమత జీపులో కూర్చునేలోపే దవాఖానకు ఫోన్ చేసింది. ప్రైవేటు దవాఖానే, చిన్నది. డ్యూటీ డాక్టర్ రెండు ప్రశ్నలు అడిగి నమ్మాడు. దీక్షితను వెనక సీట్లో పడుకోబెట్టారు. రత్నాకర్‌ను కానిస్టేబుళ్లకు అప్పగించి భూపాల్ తనే బండి నడిపాడు. దారిలో రెండుసార్లు ఎదురొచ్చే లారీని అంగుళం దూరంలో తప్పించాడు.

*

నర్సింహ బతికే ఉన్నాడు. రొమ్ము మీద, వీపు మీద వెడల్పాటి పట్టీలు అంటించి ఉన్నాయి. మిషన్ కరెంటు కొట్టినప్పుడల్లా పగిలిన ఒళ్లు మంచం మీద ఎగిరి పడుతోంది. విరిగిన పక్కటెముకకు ప్రతి దెబ్బా ఒక కొత్త హింస. కానీ ఆ దెబ్బే అతన్ని బతికిస్తోంది. తెర మీద గీత వరసగా లేస్తోంది.

సమత అతని చెయ్యి పట్టుకుంది. "భయపడకు. మందు దిగిపోతది. దొరికిండు వాడు."

నర్సింహ మూలిగాడు. మాట కోసం కిందామీదా పడుతున్నాడు. ఒంటికన్ను ఆమె మీద కాదు, ఆమె వెనక ఉన్న మనిషి మీద ఉంది.

"అక్కా... నాకొక్కనికే కాదు..."

"ఇంకెవరికి?"

"సారుకు గూడ... సూది..."

సమత తిరిగి చూసింది. భూపాల్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మొహం చెమటతో తడిసిపోయింది. చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. మోచేతి మడతలో దూది ముక్క, దాని మీద ప్లాస్టర్.

"రెండు రాత్రులు నిద్ర లేదన్న," అతని గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "బలం సూది అన్నడు. నర్సింహ వద్దన్నా వినక ఏసి, అటెనుక నాకు ఏసిండు."

ఎందుకో సమతకు వెంటనే అర్థమైంది. లాకప్‌లో ముద్దాయి చస్తాడు. డాక్టర్‌గా ఎవరు వచ్చారో గట్టిగా చెప్పగల సీఐ కూడా అదే రోజు గుండెపోటుతో పోతాడు. ఇక అడిగేవాడు ఉండడు.

భూపాల్ గుమ్మానికి ఆనుకుని జారి కింద కూర్చున్నాడు. నర్సు పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకుని లెక్కపెట్టింది. "సార్, మస్తు మెల్లగ ఉన్నది!"

"ఇంకో మిషన్ తేండ్రి!" సమత అరిచింది. "జల్ది!"

డ్యూటీ డాక్టర్ మంచం మీద ఎగిరి పడుతున్న నర్సింహను చూశాడు. నేల మీద నోరు తెరిచి గాలి పీలుస్తున్న సీఐని చూశాడు.

"ఇంకోటి లేదు మేడమ్," అన్నాడు. "మా దగ్గర ఉన్నది అదొక్కటే."